అవసరం, గిరాకీ, ధర: తిరువూరు సరిహద్దు నుంచి ఒక చారిత్రక పరిశీలన

మన బజారు భాషలో ఎంతో చరిత్ర దాగి ఉంది. తెలుగువాడు రోజూ వాడే 'ఖరీదు' అన్న మాట ఫారసీ నుంచి వచ్చింది. కొనుగోలు అని దాని అసలు అర్థం. 'బజారు', 'తరాజు' కూడా ఫారసీ మాటలే. 'దుకాణం', 'నగదు', 'బాకీ', 'వసూలు', 'దళారీ' అరబ్బీ మూలం కలవి. ఇక 'గిరాకీ' అన్న మాట సంస్కృతంలోని గ్రాహక శబ్దం నుంచి పుట్టి, హిందూస్థానీ, మరాఠీల మీదుగా మన అంగళ్లకు చేరింది. గ్రాహకుడనగా తీసుకొనేవాడు. ఇన్ని భాషల మాటలు కలసి ఒక్క కొట్టులో కాపురం చేస్తున్నాయంటే, ఆ కొట్టు ముందర ఎన్ని జాతుల కొనుగోలుదారులు నిలబడి ఉంటారో పాఠకులే ఊహించుకోవచ్చు.

అర్థశాస్త్ర పాఠ్యగ్రంథాలు గిరాకీని 'డిమాండు' అంటాయి. ఒక వస్తువు కావాలన్న కోరిక మాత్రమే డిమాండు కాదు. కోరిక ఉండాలి, దానిని తీర్చుకొనే కొనుగోలు శక్తి ఉండాలి, చెప్పిన ధరకు ఆ డబ్బు వెచ్చించే సంసిద్ధత ఉండాలి. ఈ మూడూ కలసినప్పుడే అది డిమాండు. ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే, ధర పెరిగినప్పుడు కొనే పరిమాణం తగ్గుతుంది, ధర తగ్గినప్పుడు పెరుగుతుంది. ఇది డిమాండు సూత్రం. వినడానికి ఎంతో సులభంగా ఉన్న ఈ సూత్రంలో 'ఇతర పరిస్థితులు' అన్న రెండు మాటలే చాలా బరువైనవి. ఆదాయం, అభిరుచి, ప్రత్యామ్నాయ వస్తువుల ధరలు, రేపేమవుతుందోనన్న భయం, రాజ్యం విధించే పన్ను, ఊరి పొలిమేర ఇవన్నీ వాటిలోనే ఇమిడి ఉన్నాయి. చరిత్రలో ఇవి ఒక్కనాడూ మారకుండా ఉండలేదు. కనుక డిమాండు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి చరిత్రను మించిన పాఠశాల లేదు. ఈ వ్యాసంలో కృష్ణానది పరిసరాల అనుభవాలను, ముఖ్యంగా తిరువూరు వంటి సరిహద్దు ఊరి అనుభవాన్ని ఆధారంగా చేసుకుని ఆ పాఠాన్ని పరిశీలించడం జరుగుతుంది.

పూర్వ చరిత్రకారుల పరిశీలనలు

డిమాండు సిద్ధాంతం 19వ శతాబ్దపు ఐరోపాలో పుట్టిందని సామాన్యంగా చెబుతారు. 1838లో ఫ్రెంచి పండితుడు కూర్నో దానికి గణిత రూపమిచ్చాడు. 1890లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ తన గ్రంథంలో దానికి ఈనాడు మనకు తెలిసిన రూపమిచ్చాడు. కాని ధరలు ఎందుకు మారుతాయన్న ప్రశ్న అంతకు వెయ్యేళ్ల ముందే బాగ్దాదులో వినిపించింది. ఖలీఫా హారూన్ రషీద్ కోసం 'కితాబుల్ ఖరాజ్' రచించిన న్యాయవేత్త అబూ యూసుఫ్ (మరణం క్రీ.శ. 798) ఒక విచిత్రాన్ని గుర్తించాడు. ధాన్యం సమృద్ధిగా ఉన్నా కొన్నిసార్లు ధర హెచ్చుగానే ఉంటుంది. కొరతగా ఉన్నా కొన్నిసార్లు చవకగానే ఉంటుంది. అనగా సరకు రాశి ఒక్కటే ధరను నిర్ణయించదని, వేరే కారణాలు కూడా ఉన్నాయని ఆయన గ్రహించాడు. ఐదు శతాబ్దాల తరువాత డమాస్కసులో ఇబ్న్ తైమియా (1263–1328) ఆ కారణాలను మరింత విడమరచాడు. ధర పెరగడం ప్రతిసారీ వర్తకుడి అన్యాయం కాదు. సరకు తగ్గడం వల్లనైనా, కోరేవారు పెరగడం వల్లనైనా అది జరగవచ్చు. కాని జనం ఆపదలో ఉన్నప్పుడు సరకు దాచి ధర పెంచేవాడి విషయంలో పాలకుడు జోక్యం చేసుకుని, న్యాయమైన ధరకు అమ్మించవచ్చునని ఆయన అభిప్రాయం.

ఈ వరుసలో అగ్రగణ్యుడు ఇబ్న్ ఖల్దూన్ (1332–1406). క్రీ.శ. 1377లో, అనగా హిజ్రీ 779లో, పూర్తి చేసిన 'ముఖద్దిమా'లో పట్టణాల ధరల మీద ఆయన ప్రత్యేకంగా ఒక అధ్యాయం వ్రాశాడు. పెద్ద నగరంలో తిండిగింజలు చవకగా ఉంటాయి, పండ్లు, భోగ వస్తువులు ప్రియంగా ఉంటాయి. చిన్న ఊళ్లో పరిస్థితి తలకిందులుగా ఉంటుంది. ఇందుకు కారణం ఆయన ఇలా చెప్పాడు. తిండి లేనిదే ఎవరికీ గడవదు గనుక దాని కోసం అందరూ ముందుచూపుతో శ్రమిస్తారు. అందువల్ల నగరంలో అది మిగులుగా ఉంటుంది. భోగ వస్తువులను పండించేవారు కొందరే, సంపద పెరిగిన నగరంలో కోరేవారు మాత్రం అనేకులు. చిన్న ఊళ్లో పంట కొద్ది. రేపటి భయంతో ఎవరికి వారు దాచుకుంటారు గనుక అక్కడ గింజలే ప్రియమవుతాయి. భోగ వస్తువులను అడిగే నాథుడుండడు గనుక అవి చవకగా పడి ఉంటాయి. ఆదాయం, అభిరుచి, భవిష్యత్తు మీద అంచనా అనే మూడు అంశాలూ ఈ చిన్న వివరణలో ఉన్నాయి. గిరాకీ ఉన్న వృత్తి వృద్ధి పొందుతుంది, గిరాకీ పోయిన వృత్తిని జనం వదిలివేస్తారు అని కూడా ఆయన స్పష్టంగా చెప్పాడు. బందరు అద్దకం పనివారి చరిత్ర ఆ మాటకు సాక్ష్యం. దాని దగ్గరకు తరువాత వద్దాం.

పరిటాల వజ్రం, కృష్ణ నీరు

ప్రాణాధారమైన నీటికి ధర లేదు, ఏ పనికీ రాని వజ్రానికి ఇంత ధర ఎందుకు? ఆడం స్మిత్ 1776లో తన ప్రసిద్ధ గ్రంథంలో ఎత్తి చూపిన ఈ చిక్కుకు కృష్ణా తీరం కన్న తగిన వేదిక మరొకటి లేదు. ప్రపంచానికి 'గోల్కొండ వజ్రాలు'గా తెలిసిన రాళ్లు గోల్కొండలో దొరికినవి కావు. అవి ఎక్కువగా కృష్ణానది వెంబడి గల కొల్లూరు, పరిటాల వంటి చోట్ల తవ్వి తీసినవి. పరిటాల నేటి ఎన్టీఆర్ జిల్లాలోనే ఉంది. 17వ శతాబ్దం మొదట్లో మచిలీపట్నంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ ఇక్కడి గనిలో 30,000 మంది పనిచేస్తున్నారని అంచనా వేశాడు. తరువాత వచ్చిన ఫ్రెంచి రత్నవ్యాపారి టావెర్నియే కొల్లూరులో 60,000 మందిని గురించి వ్రాశాడు. పక్కనే కృష్ణమ్మ ప్రవహిస్తున్నది. ఆ నీరు తాగి బతికే కూలీలు తమ బతుకులో ఎన్నడూ కొనలేని రాళ్లను వెలికి తీస్తున్నారు.

స్మిత్ విప్పలేని ఈ ముడిని 1871లో ఇంగ్లండులో జెవన్స్, ఆస్ట్రియాలో మెంగర్, ఆ తరువాత వాల్రా విప్పారు. మనిషి 'నీరు అంతా' కావాలా 'వజ్రాలు అన్నీ' కావాలా అని ఎన్నడూ ఎంచుకోడు. ఇంకొక చెంబెడు నీరు, ఇంకొక రాయి అన్నదే అతని ముందున్న ప్రశ్న. ఏరు నిండుగా పారుతున్నప్పుడు ఇంకొక చెంబెడు నీటి వల్ల కలిగే అదనపు తృప్తి దాదాపు శూన్యం. అరుదైన వజ్రం విషయంలో ఆ అదనపు తృప్తి చాలా హెచ్చు. దీనినే 'ఉపాంత ప్రయోజనం' అంటారు. ఒక వస్తువును వాడే కొద్దీ దాని ఉపాంత ప్రయోజనం తగ్గుతూ పోతుంది. అందుకే మరింత కొనాలంటే ధర తగ్గక తప్పదు. డిమాండు రేఖ కిందికి వాలడానికి మూలం ఇదే. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడి ఐరోపాకు రాశులుగా చేరగానే ధరలు పడిపోవడం ఈ సూత్రానికి నిదర్శనం. రాయి మారలేదు, దాని మెరుపూ మారలేదు. ఇంకొక రాయికి ఉన్న విలువ మాత్రమే మారింది.

అయితే ఈ పరిష్కారంలో ఒక సంగతి మరుగున పడుతుంది. ఎవరి తృప్తి, ఎవరి డబ్బు అన్న ప్రశ్న దీనిలో లేదు. ఆ ప్రశ్నను మున్ముందు వేసుకోక తప్పదు.

దూరపు గ్రాహకుడు: బందరు అద్దకం, నూజివీడు మామిడి

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం, అనగా బందరు, తూర్పుతీరంలో ప్రధానమైన రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడికి వచ్చారు. వారు వచ్చినది మన గుడ్డలను ఐరోపాలో అమ్ముకోవడానికి కాదు. వారికి కావలసినవి తూర్పు దీవుల లవంగాలు, జాజికాయలు, జాపత్రి. ఆ దీవుల ప్రజలకు ఐరోపా సరకులంటే అంతగా మోజు లేదు; వారు కోరినవి కోరమండల తీరపు రంగు గుడ్డలు. కాబట్టి సుగంధ ద్రవ్యాలు కావాలంటే ముందు బందరులో గుడ్డలు కొనవలసి వచ్చింది. కోరమండలం లేనిదే మొలుక్కాస్ వ్యాపారం నడవదని డచ్చి అధికారులే తమవారికి వ్రాసుకున్నారు. మహాసముద్రాలను శాసించాలనుకున్న కంపెనీ సైతం ఒక దీవిలోని సామాన్య స్త్రీ అభిరుచికి తల వంచవలసి వచ్చింది. ఇదే వినియోగదారుని బలం.

ప్రతి మార్కెట్టుకూ దాని రుచి దానికుంది. ఇరాన్‌వారికి ఒక రకం, సయాంకు మరొక రకం, జావాకు ఇంకొకటి. రంగు మారినా, అంచు మారినా, కొలత తగ్గినా గుడ్డ అమ్ముడు పోక గిడ్డంగిలో పడి ఉండేది. 1643లో లండనులోని ఇంగ్లీషు కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లోని తమవారికి వ్రాస్తూ, ఎర్రని నేల మీద పువ్వులు వద్దు, తెల్లని నేల మీద పువ్వులు కావాలని కోరారు. కృష్ణా తీరపు చిరివేరు ఇచ్చే ఎరుపు, కరక్కాయ, పటిక, బెల్లం, ఇనుప ముక్కల నుంచి తీసే రంగులు దేశదేశాల మోజును బట్టి కొత్త కొత్త రూపాలు దాల్చాయి. పనివాడి చేతిలో కలం ఉన్నా, ఆ కలాన్ని నడిపించినది సముద్రానికి ఆవల ఉన్న గ్రాహకుడే.

అభిరుచి ఎంత బలమైనదో ఐరోపా నిషేధాలు తెలియజేస్తాయి. మన గుడ్డల మోజు తమ నేతపనివారి నోటి దగ్గర కూడు తీస్తున్నదని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. 1759 వరకు ఆ నిషేధం సాగింది. ఇంగ్లండులో 1700, 1721 శాసనాలు అదే పని చేశాయి. ఐనా దొంగచాటు వ్యాపారం ఆగలేదు. శాసనం గుడ్డను ఆపగలిగిందే గాని కోరికను ఆపలేకపోయింది. అయితే ఆ కోరిక మరొక దారి పట్టింది. ఐరోపావారు అద్దకం తామే నేర్చుకున్నారు. 19వ శతాబ్దంలో మర గుడ్డ మన రేవులకే ఎదురు నడచి వచ్చింది. చవకైన ప్రత్యామ్నాయ వస్తువు దొరికిన తరువాత పాత వస్తువు మీద మమకారం ఎంతకాలం నిలుస్తుంది? ఇరాన్ మార్కెట్టు ఇంకా కొంతకాలం బందరు అద్దకానికి ఊపిరి పోసింది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొని పట్టణాన్ని కుంగదీసింది. ఇరవయ్యవ శతాబ్దం మొదటి భాగంలో ఇరాన్ గిరాకీ కూడా సన్నగిల్లింది. ఇబ్న్ ఖల్దూన్ చెప్పిన మాట అక్షరాలా జరిగింది: గిరాకీ తగ్గిన వృత్తిని బిడ్డలు నేర్చుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి కృషి వల్ల అది మళ్లీ చిగురించింది. నేడు పెడన, మచిలీపట్నం ప్రాంతాల్లో నిలిచి ఉంది.

ఇదే కథ వేరొక రూపంలో తిరువూరు, నూజివీడు ప్రాంతాల మామిడి తోటల్లోనూ కనబడుతుంది. ఈ నేల చిన్న రసాలకు, పెద్ద రసాలకు పేరు పొందింది. కాని రసం పండు దూర ప్రయాణానికి తట్టుకోదు. దాని గ్రాహకుడు దగ్గరివాడే. బంగినపల్లి కాయ గట్టిది. లారీ ఎక్కి ఢిల్లీ దాకా పోగలదు. కలెక్టరు కాయ రసం తీసే కార్ఖానాలకు పోతుంది. దూరపు గ్రాహకుని చేతిలో డబ్బు ఎక్కువ కావడంతో తోటల్లో బంగినపల్లి చెట్లు పెరిగాయి, రసాలు తగ్గాయి. అంత రుచి గల పండుకు అవసరం లేక కాదు. ఆ రుచి ఎరిగినవారి గిరాకీ కన్న ఎరుగనివారి గిరాకీ బరువుగా తూగింది.

సరిహద్దు మీద గిరాకీ

తిరువూరు విజయవాడకు ఉత్తరంగా, జగ్దల్‌పూర్ పోయే జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉంది. ఈ సరిహద్దు కొత్తది కాదు. 1948 వరకు ఇవతల మద్రాసు రాజధానికి చెందిన కృష్ణా జిల్లా, అవతల నిజాం రాజ్యంలోని మధిర, కల్లూరు ప్రాంతాలు. మాట ఒకటే, పంటలు ఒకటే, వియ్యాలూ కయ్యాలూ ఒకటే. కాని డబ్బు వేరు, పన్ను వేరు. ఇవతల కల్దారు రూపాయి, అవతల హాలీ రూపాయి. సుమారుగా 6 కల్దారు రూపాయలకు 7 హాలీ రూపాయలు. నిజాం రాజ్యంలోకి వచ్చే సరకు మీద 'కరోడ్‌గిరీ' శాఖ నూటికి 5 చొప్పున సుంకం వసూలు చేసేది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇవతలి అంగడిలో ఒక సరకు 12 కల్దారు రూపాయలనుకుందాం. అవతలివాడికి అది 14 హాలీ రూపాయలు. దాని మీద నూటికి 5 సుంకం కలిపితే 14 రూపాయల 11 అణాల పైచిలుకు. ఆ పైన బండి కూలి, నాకా దగ్గర పోయే పూట. అదే సరకు అవతలి అంగడిలో 15 హాలీ రూపాయలకే దొరికితే అతడు సరిహద్దు దాటడు; 17 రూపాయలైతే దాటుతాడు. వస్తువు ధర అంటే అంగడివాడు చెప్పిన అంకె మాత్రమే కాదు, అది ఇంటికి చేరేసరికి అయ్యే మొత్తం వ్యయం. సరిహద్దు ఊరి సామాన్యుడు ఈ లెక్కను ఏ గ్రంథమూ చదవకుండానే నోటితో వేసేవాడు. సంస్థానం విలీనమయ్యాక, 1950లో ఆర్థిక సమైక్యత దరిమిలా ఆ సుంకాలు క్రమంగా తొలగాయి. హాలీ సిక్కా ఆ దశకంలోనే చెలామణి నుంచి తప్పుకున్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే రోజున అవతల ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1956 నవంబరు 1న రెండు వైపులూ ఒకే రాష్ట్రమయ్యాయి. 2014 జూన్ 2న ఆ పాత గీత మళ్లీ రాష్ట్ర సరిహద్దు అయింది.

కొత్త సరిహద్దు పాత పాఠాన్నే మళ్లీ చెప్పింది. 2020 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మద్యం ధరలను రెండు విడతలుగా మొత్తం నూటికి 75 వంతులు పెంచింది. ధర పెరిగితే తాగుడు తగ్గుతుందన్నది అప్పుడు చెప్పిన ఉద్దేశం. డిమాండు సూత్రం ప్రకారం అది సరైన ఆలోచనగానే కనిపిస్తుంది. కాని అలవాటుపడినవాని డిమాండు 'అవ్యాకోచ'మైనది. అనగా ధర ఎంత పెరిగినా అంతగా తగ్గదు. పైగా పక్క రాష్ట్రంలో తక్కువ ధరకు అదే సరకు ఉన్నప్పుడు, ఆ పక్క రాష్ట్రపు సరకే ప్రత్యామ్నాయ వస్తువు అవుతుంది. తిరువూరు, జగ్గయ్యపేట వంటి సరిహద్దు మార్గాల్లో తెలంగాణ మద్యం అక్రమంగా రావడం, దానిని పట్టుకోవడానికి తనిఖీలు పెరగడం అందరికీ తెలిసినదే. 2024 అక్టోబరులో ఆ విధానం మారింది; ప్రైవేటు దుకాణాలు మళ్లీ వచ్చాయి.

దీనిని చూసి ధర గాని, నిషేధం గాని ఎందుకూ పనికిరావని అనుకోరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. ఆ నిషేధం 1997లో సడలిపోయింది. అయినా ఆ స్త్రీలు అర్థశాస్త్రానికి ఒక సత్యం నేర్పారు. ఇంటి ఆదాయం ఒకటే. అందులో మగవాడి గిరాకీ వేరు, పిల్లల అన్నం కోసం ఆడదాని గిరాకీ వేరు. 'వినియోగదారుడు' అన్న ఏకవచనం వెనుక ఒక ఇల్లు ఉంది, ఆ ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న ఉంది.

ఆకలికి గిరాకీ లేదు

ఇంతవరకు చెప్పినవన్నీ డబ్బు ఉన్నవారి కథలు. డబ్బు లేనివాని కథ కరువు. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు మండలాన్ని పట్టిపీడించిన కరువును జనం 'డొక్కల కరువు' అన్నారు. అప్పటి గుంటూరు మండలంలోని 5 లక్షల జనాభాలో లక్షన్నరకు తక్కువ కాకుండా మరణించారని లెక్క. వానలు లేవు, పంట లేదు. ఇది అందరూ చెప్పే కారణం. కాని పంట పోయిన చోటికి ధాన్యం ఇతర చోట్ల నుంచి ఎందుకు వచ్చి చేరలేదన్న ప్రశ్నకు డిమాండు నిర్వచనంలోనే సమాధానం ఉంది.

ధాన్యం అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడికి పోదు. గిరాకీ ఎక్కడ ఎక్కువో అక్కడికి పోతుంది. పంట లేనప్పుడు పాలేరుకు పని లేదు, కూలి లేదు. ధాన్యం ధర పెరిగినప్పుడు జనం ముందుగా మానుకునేది కొత్త గుడ్డ. కాబట్టి గింజలు ప్రియమైన నెలలోనే నేతగాని మగ్గం ఆగుతుంది. అతని ఆకలి రెట్టింపవుతుంది, అతని డిమాండు సున్నాకు దిగుతుంది. తిండిగింజల డిమాండు అవ్యాకోచం కావడం వల్ల కొద్ది కొరత కూడా ధరను ఎంతో పెంచుతుంది. ఇంగ్లండులో చార్లెస్ డావెనంట్ 1699లోనే ఒక లెక్క ప్రచురించాడు: పంట పదోవంతు తగ్గితే ధర పదింట మూడు వంతులు పెరుగుతుంది; సగం తగ్గితే నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. ఆ అంకెలు ఇంగ్లండువి కావచ్చు గాని ఆ క్రమం అంతటా ఒకటే. ధాన్య వ్యాపారంలో ప్రభుత్వం చేయి పెట్టరాదన్న భావం నాటి కంపెనీ పాలనలో బలంగా ఉండేది. మార్కెట్టు తన పని తాను చేసింది. అది నగదు మాట మాత్రమే విన్నది.

1943 నాటి బెంగాలు కరువును పరిశోధించి అమర్త్య సేన్ 1981లో ప్రకటించిన గ్రంథం ఇదే సత్యాన్ని శాస్త్రీయంగా నిరూపించింది. కరువు అంటే తిండి లేకపోవడమే కాదు, ఉన్న తిండిని పొందే హక్కు కొందరికి లేకపోవడం. ఈజిప్టులో 15వ శతాబ్దారంభపు కరువును కళ్లారా చూసి 1405లో గ్రంథం వ్రాసిన మఖ్రీజీ కూడా, నైలు పొంగకపోవడం ఒక్కటే కారణం కాదన్నాడు. పదవులను లంచాలకు అమ్ముకోవడం, భూమి కౌళ్లు పెంచడం, రాగి నాణేలను విచ్చలవిడిగా ముద్రించి పేదవాని కొనుగోలు శక్తిని కరిగించడం ఆయన చూపిన కారణాలు. ఐదువందల డెబ్భై ఏళ్ల ఎడంతో ఇద్దరు పండితులు ఒకే గాయం మీద వేలు పెట్టారు.

రాజ్యం చేయి: అలాఉద్దీన్ నుంచి రెండు రూపాయల బియ్యం దాకా

అవసరాన్ని గిరాకీగా మార్చడానికి పాలకులు రెండు మార్గాలు తొక్కారు. మొదటిది ధరను శాసించడం. ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ ఖల్జీ (పాలన 1296–1316) కాలంలో మణుగు గోధుమలు ఏడున్నర జీతల్‌లు, వరి 5, యవలు 4 అని ధరలు నిర్ణయించినట్లు చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ వ్రాశాడు. సుల్తాను ధర మాత్రమే చెప్పి ఊరుకోలేదు. రాజ్య గిడ్డంగుల్లో ధాన్యం నింపాడు. వానలు లేని ఏడు ఒక్కొక్కరు ఒకసారికి అర మణుగుకు మించి కొనరాదని హద్దు పెట్టాడు. ధర తగ్గించినప్పుడు డిమాండు పెరుగుతుంది గనుక, సరకు నిల్వ, కొనుగోలు పరిమితి రెండూ లేనిదే ధర శాసనం నిలవదని ఆ ఏర్పాటు చెబుతుంది. ఆయన సైన్యం కోసం ఇదంతా చేశాడన్నదీ, భయం మీద నడిచిన ఆ వ్యవస్థ ఆయనతోనే పోయిందన్నదీ కూడా మరువరాదు.

రెండవ మార్గం పేదవాని చేతికి శక్తినివ్వడం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయలకు బియ్యమిచ్చే పథకాన్ని ప్రారంభించింది. సంవత్సరాదాయం 6,000 రూపాయలకు లోపు ఉన్న కుటుంబాలకు తలకు 5 కిలోల చొప్పున, ఇంటికి 25 కిలోలకు మించకుండా ఇచ్చారు. దీని పనితీరు గమనింపదగినది. నెలకు 60 కిలోలు కావలసిన ఇంటికి 25 కిలోలు చవకగా వచ్చినా, మిగిలిన 35 కిలోలు బజారు ధరకే కొనాలి. కాబట్టి ఈ పథకం బియ్యం ధరను తగ్గించడం కన్న, ఇంటి ఆదాయాన్ని పెంచినట్లుగా ఎక్కువ పనిచేసింది. బజారు ధర 4 రూపాయలనుకుంటే, 25 కిలోల మీద 50 రూపాయలు మిగిలినట్లే. ఆ 50 రూపాయలు పప్పుకు పోయాయా, పిల్లవాని పలకకు పోయాయా, సారా కొట్టుకు పోయాయా అన్నది ఆ ఇంటి పెత్తనాన్ని బట్టి ఉంటుంది. పైన చెప్పిన దూబగుంట స్త్రీల ప్రశ్న ఇక్కడే మళ్లీ ఎదురవుతుంది.

ఈ మార్పులో మెట్ట ప్రాంతపు తిండి కూడా మారిపోయింది. జొన్న, సజ్జ, రాగి తిన్న ఇళ్లకు వరి అన్నం పండుగనాటి భోజనంగా ఉండేది. ఆదాయం పెరిగే కొద్దీ డిమాండు తగ్గే వస్తువులను శాస్త్రం 'నాసిరకం వస్తువులు' అంటుంది. జొన్నలో నాసి ఏమీ లేదు. అది పేదరికపు గుర్తు కావడమే దాని నేరం. వరి అన్నం అందుబాటులోకి రాగానే జనం దానిని వదిలారు. మళ్లీ 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించే నాటికి, అదే జొన్న, అదే రాగి ఆరోగ్యం పేరుతో పట్టణపు సంపన్నుల బల్లల మీదికి చేరాయి. వస్తువు ఒకటే; ఎవరు, ఎందుకు కోరుతున్నారన్నదే మారింది. ఆకలి కోసం తిన్నవాని గిరాకీ ఒక్కనాడూ రైతుకు లాభమివ్వలేదు, ఆరోగ్యం కోసం తినేవాని గిరాకీ ఇస్తున్నది.

ముగింపు

చరిత్ర నుంచి మనం గ్రహించేది ఇది. ధర మారితే కొనుగోలు మారుతుందన్న సూత్రం అబద్ధం కాదు. పరిటాల వజ్రం, బందరు గుడ్డ, సరిహద్దు నాకా దాన్ని సత్యమనే చెబుతున్నాయి. కాని ఆ సూత్రం ఎన్నికలోకి తీసుకునేది నగదును, మనుషులను కాదు. పది రూపాయలున్నవానికి పది ఓట్లు, రూపాయి ఉన్నవానికి ఒక ఓటు, ఏమీ లేనివానికి ఓటు లేదు. తోటలో ఏ చెట్టు నాటాలో, మగ్గం మీద ఏ పోగు వేయాలో, కరువునాడు గింజలు ఎటు పోవాలో ఆ ఎన్నికే తేలుస్తుంది.

పూర్వపు పండితులు మనిషి అవసరాలను మూడు తరగతులుగా విభజించారు: లేనిదే బతుకు నిలవనివి, బతుకును సుగమం చేసేవి, అందగించేవి. 14వ శతాబ్దపు అండలూసియా పండితుడు షాతిబీ ఈ విభజనను సమగ్రంగా వివరించాడు. మార్కెట్టుకు ఈ తేడా తెలియదు. దాని తరాజులో వజ్రమూ గింజా ఒకే రాళ్లతో తూగుతాయి. ఆ తేడాను గుర్తుంచుకోవలసినది సమాజం. 2023 జనవరి నుంచి దేశమంతటా ఆహార భద్రతా చట్టం కింద తలకు 5 కిలోల ధాన్యం ఉచితంగా ఇస్తున్నారంటే, మొదటి తరగతి అవసరాన్ని మార్కెట్టుకు మాత్రమే వదలరాదని డొక్కల కరువు తరువాత 190 ఏళ్లకు మనం ఒప్పుకున్నట్లే.

ఒక కాలపు ధరల పట్టిక చేతికి చిక్కినప్పుడు చరిత్ర విద్యార్థి ఆ అంకెలతో తృప్తి పడరాదు. ఆ ధరకు కొన్నవారెందరని అడిగిన తరువాత, అడగలేక అంగడి మెట్ల కిందే నిలిచిపోయినవారెందరని కూడా అడగాలి. వారి లెక్క ఏ పట్టికలోనూ ఉండదు. వారిని వెదకి పట్టుకోవడమే చరిత్రకారుని పని.